సొంత ల్యాప్‌టాప్‌లో విశ్వం సిమ్యులేషన్: తయారీ దగ్గర్నుంచి రిజల్ట్ చెకింగ్ దాకా

పర్లాకిమిడి, గునుపూరు, బరంపురం, రాయగడ వైపు ఫిజిక్స్ చదువుతున్న మన పిల్లలు పదే పదే అడిగేది ఒకటే. విశ్వం ఎలా మారుతూ వచ్చిందో కంప్యూటర్‌లో నడిపి చూడాలంటే ఎక్కడ మొదలెట్టాలి, పెద్ద సూపర్ కంప్యూటర్ లేకపోతే కుదరదా అని. కుదురుతుంది. 8 జీబీ ర్యామ్ ఉన్న మామూలు ల్యాప్‌టాప్‌లో 21 లక్షల పార్టికల్స్‌తో బుద్ధిగా ఒక రన్ చేసుకోవచ్చు, దాంతో ఎమ్మెస్సీ ప్రాజెక్టుకి సరిపడా పని కూడా అవుతుంది.

కానీ ఒక్కటి ముందే చెప్పాలి. కోడ్ డౌన్‌లోడ్ చేసి, రన్ కొట్టి, సాలెగూడు లాంటి బొమ్మ రాగానే అయిపోయింది అనుకునేవాళ్ళే ఎక్కువ. తప్పు సెట్టింగ్స్‌తో కూడా అలాంటి బొమ్మే వస్తుంది. అందుకని ఈ గైడ్‌లో రన్ కొట్టడం గురించి తక్కువ, దానికి ముందు లెక్క, తర్వాత చెకింగ్ గురించి ఎక్కువ ఉంటుంది. వరసగా చేయండి, మధ్యలోది దాటెయ్యకండి.

## 1. ముందు ప్రశ్న రాసుకోండి

"విశ్వం ఎవల్యూషన్ చూడాలి" అనేది ప్రశ్న కాదు. ప్రశ్న అంటే ఇలా ఉండాలి: పాలపుంత అంత బరువున్న హేలోలు (గెలాక్సీల చుట్టూ ఉండే డార్క్ మ్యాటర్ గుంపులు) ఏ కాలానికి ఎన్ని తయారవుతాయి? సిగ్మా-ఎయిట్ (పదార్థం ఎంత గుంపులు కట్టిందో చెప్పే కొలత) విలువ కొంచెం పెంచితే గెలాక్సీ క్లస్టర్ల సంఖ్య ఎంత మారుతుంది? శూన్య ప్రాంతాలు ఎంత వేగంగా పెద్దవవుతాయి?

బాక్స్ సైజు, పార్టికల్స్ సంఖ్య, ఏ ఏ టైమ్‌లో అవుట్‌పుట్ తీసుకోవాలి, ఇవన్నీ ఈ ప్రశ్న మీదే ఆధారపడతాయి. ప్రశ్న లేకుండా రన్ చేస్తే తర్వాత మళ్ళీ మొదటికే రావాలి.

మొదటిసారి చేసేవాళ్ళు డార్క్ మ్యాటర్ ఒక్కటే పెట్టి చేయండి. విశ్వంలో ఉన్న పదార్థంలో దాదాపు 84 శాతం అదే, పైగా దానికి గ్రావిటీ ఒక్కటే లెక్క కడితే చాలు. గ్యాస్ కలిపారంటే అది చల్లబడటం, నక్షత్రాలు పుట్టడం, సూపర్‌నోవాలు, బ్లాక్ హోల్స్ వెనక్కి తన్నే శక్తి, ఇన్ని మోడళ్ళు కలపాలి. వాటిలో చాలావాటికి ట్యూనింగ్ కావాలి, మొదటి రన్‌లో ఆ జోలికి వెళ్ళొద్దు.

## 2. మెషిన్, కరెంటు, నెట్

కావాల్సినవి:

- 8 జీబీ ర్యామ్, నాలుగు కోర్లు ఉన్న ల్యాప్‌టాప్ లేదా పీసీ
- ఉబుంటు లైనక్స్. విండోస్ వదలలేం అంటే అందులోనే లైనక్స్ సబ్‌సిస్టమ్ పెట్టుకోవచ్చు, కానీ ఫైళ్ళన్నీ లైనక్స్ వైపు ఫోల్డర్‌లోనే ఉంచండి, సీ డ్రైవ్‌లో పెట్టి అక్కడి నుంచి నడిపితే చదవడం రాయడం బాగా స్లో అవుతుంది
- కనీసం 20 జీబీ ఖాళీ డిస్క్
- పైథాన్, నమ్‌పై, మ్యాట్‌ప్లాట్‌లిబ్, హెచ్‌డీఎఫ్5 చదివే లైబ్రరీ
- సీ ప్లస్ ప్లస్ కంపైలర్, ఎంపీఐ (పనిని కోర్లకి పంచేది), జీఎస్ఎల్, ఎఫ్ఎఫ్‌టీడబ్ల్యూ, హెచ్‌డీఎఫ్5

ఈ ప్యాకేజీలన్నీ నెట్ బాగున్న చోట ఒకేసారి దించేసుకోండి. ఉదయగిరి, కాశీనగర్ లాంటి చోట్ల మొబైల్ డేటా మీద ఒక్కొక్కటే దించుతూ కూర్చుంటే సగంలో తెగి ఓపిక పోతుంది. బరంపురం వెళ్ళే పని పడ్డప్పుడు ఒక లిస్టు రాసుకుని వెళ్ళి మొత్తం ఇన్‌స్టాల్ చేసుకుని రావడం మేలు.

కరెంటు సంగతి తేలిగ్గా తీసుకోవద్దు. ఏప్రిల్, మే సాయంత్రాలు ఈదురుగాలి మొదలైందంటే కరెంటు ఎప్పుడొస్తుందో తెలీదు, 2018 అక్టోబర్‌లో తిత్లీ తుఫాను చూసిన గజపతి జిల్లా వాళ్ళకి ఈ మాట విడిగా చెప్పక్కర్లేదు. రన్ మధ్యలో కరెంటు పోయినా పని పోకుండా ఎలా చేసుకోవాలో 7వ స్టెప్‌లో ఉంది. ఎండాకాలం పగలు కాకుండా రాత్రిపూట నడపండి, ల్యాప్‌టాప్ పరుపు మీద పెట్టకండి. వేడెక్కితే ప్రాసెసర్ తనంతట తనే స్పీడ్ తగ్గించేసుకుంటుంది, మీరేమో కోడ్ స్లో అనుకుంటారు.

ల్యాప్‌టాప్ లేనివాళ్ళు ఉన్నారు, వాళ్ళని వదిలెయ్యట్లేదు. 4వ స్టెప్‌లో చెప్పే చిన్న కోడ్ గూగుల్ కొలాబ్‌లో ఉచితంగా నడుస్తుంది. లేదంటే ఇలస్ట్రిస్-టీఎన్‌జీ, కీహోటే, కేమెల్స్ లాంటి పెద్ద సిమ్యులేషన్ల డేటా పబ్లిక్‌గా ఉంది, రన్ చేయకుండా నేరుగా 8వ స్టెప్ నుంచి వాటి మీద పని చేసుకోవచ్చు.

## 3. కాగితం మీద లెక్క

ఇది ముఖ్యమైన స్టెప్, కంప్యూటర్ ఆన్ చేయకుండానే చేయాలి.

మనం విశ్వం మొత్తం పెట్టలేం, ఒక ఘనపు ముక్క తీసుకుంటాం. దాని కుడి గోడ దాటిన పార్టికల్ ఎడమ గోడ నుంచి లోపలికొస్తుంది. బరంపురం పట్టుచీర అంచులో ఒకే డిజైన్ పక్కపక్కన అతుక్కుంటూ సాగినట్టు, మన బాక్స్ అన్ని వైపులా తన కాపీలతోనే అతుక్కుని ఉంటుంది. దీన్ని పీరియాడిక్ బౌండరీ అంటారు. ఈ ముక్క విశ్వంతో పాటు సాగుతూ ఉంటుంది కాబట్టి దూరాలు కోమూవింగ్‌లో రాస్తాం, అంటే విస్తరణని పక్కన పెట్టి కొలిచిన దూరం.

ఉదాహరణకి బాక్స్ భుజం 50 మెగాపార్సెక్ (ఒక్కోటి సుమారు 33 లక్షల కాంతి సంవత్సరాలు) బై హెచ్, పార్టికల్స్ 128 క్యూబ్, అంటే 128 ఇంటూ 128 ఇంటూ 128 అనుకోండి. ఇక్కడ హెచ్ అంటే హబుల్ స్థిరాంకాన్ని 100తో భాగిస్తే వచ్చేది, ప్లాంక్ ఉపగ్రహం 2018 విలువల ప్రకారం 0.674. ఇప్పుడు వరసగా:

పార్టికల్స్ మధ్య దూరం. 50ని 128తో భాగిస్తే 0.39 మెగాపార్సెక్ బై హెచ్.

ఒక్కో పార్టికల్ బరువు. క్రిటికల్ డెన్సిటీ (విశ్వం చదునుగా ఉండటానికి కావాల్సిన సగటు సాంద్రత) 27,750 కోట్ల సూర్యులు ప్రతి ఘనపు మెగాపార్సెక్‌కి, హెచ్ యూనిట్లలో. దాన్ని ఒమేగా మ్యాటర్ (అందులో పదార్థం వాటా) 0.315తో గుణించి, పై దూరం ఘనంతో గుణిస్తే సుమారు 520 కోట్ల సూర్యులు బై హెచ్ వస్తుంది. హెచ్ తీసేస్తే 770 కోట్ల సూర్యుల బరువు. ఒక్క చుక్క అంత బరువు!

ఎంత చిన్న హేలో కనిపిస్తుంది. పాలపుంత చుట్టూ ఉన్న హేలో లక్ష కోట్ల సూర్యుల స్థాయిలో ఉంటుంది. 770 కోట్లతో భాగించండి, 130 పార్టికల్స్. అంటే మన గెలాక్సీ లాంటిది ఈ రన్‌లో 130 చుక్కల గుంపు మాత్రమే. దాన్ని లెక్కపెట్టొచ్చు, దాని బరువు చెప్పొచ్చు. లోపలి ఆకారం గురించి మాట్లాడకూడదు.

ఎంత పెద్ద విషయం కనిపిస్తుంది. 50 బాక్స్‌లో అంతకన్నా పొడవైన అల పట్టదు. బేరియాన్ అకౌస్టిక్ ఆసిలేషన్ స్కేల్ (తొలి విశ్వంలోని ధ్వని అలలు గెలాక్సీల పంపిణీలో వదిలిన ఆనవాలు) సుమారు 150 మెగాపార్సెక్, హెచ్ యూనిట్లలో 100 చిల్లర. ఈ బాక్స్‌లో దాన్ని వెతకడం అనవసరం. పెద్ద క్లస్టర్లు కూడా వేళ్ళ మీద లెక్కపెట్టేంతే ఉంటాయి.

సాఫ్టెనింగ్. రెండు పార్టికల్స్ మరీ దగ్గరకొస్తే బలం అమాంతం పెరిగి అవి విసిరేసినట్టు ఎగిరిపోతాయి. నిజం డార్క్ మ్యాటర్‌లో అలా జరగదు, ఎందుకంటే మన చుక్క నిజం కణం కాదు, కోట్ల సూర్యుల బరువున్న ముద్ద. అందుకని దగ్గరి దూరంలో బలాన్ని మొద్దు చేస్తాం. పార్టికల్స్ మధ్య దూరంలో 30వ వంతు దగ్గర మొదలెట్టండి, ఇక్కడ సుమారు 13 కిలోపార్సెక్ బై హెచ్.

డిస్క్. ఒక్కో పార్టికల్‌కి పొజిషన్ 12 బైట్లు, వెలాసిటీ 12, ఐడీ 4 నుంచి 8. 21 లక్షల పార్టికల్స్‌కి ఒక స్నాప్‌షాట్ (ఒక క్షణంలో పార్టికల్స్ అన్నిటి స్థితి రాసిన ఫైల్) 60 ఎంబీ పైచిలుకు. 256 క్యూబ్‌కి వెళ్తే సరిగ్గా 8 రెట్లు.

ఈ ఆరు లెక్కలూ నోట్‌బుక్‌లో రాసుకున్నాక, 1వ స్టెప్‌లో రాసిన ప్రశ్నకి ఈ బాక్స్ జవాబు చెప్పగలదా అని చూడండి. చెప్పలేకపోతే బాక్స్ మార్చండి లేదా ప్రశ్న మార్చండి.

## 4. చిన్న కోడ్ సొంతంగా రాయండి

చాలామంది దీన్ని వదిలేసి నేరుగా పెద్ద కోడ్‌కి వెళ్తారు. ఇది చేసినవాళ్ళకీ చేయనివాళ్ళకీ తేడా తర్వాత ఒక ఎర్రర్ వచ్చినప్పుడు తెలుస్తుంది. పైథాన్‌లో పార్టికల్-మెష్ కోడ్ రాయడానికి 150 లైన్లు చాలు, 64 క్యూబ్ పార్టికల్స్, 128 క్యూబ్ గ్రిడ్ పెట్టుకోండి.

ఒక్కో టైమ్ స్టెప్‌లో జరిగేది ఇదీ:

1. ప్రతి పార్టికల్ బరువుని దాని చుట్టూ ఉన్న 8 గ్రిడ్ పాయింట్లకి దూరాన్ని బట్టి పంచాలి. దీన్ని క్లౌడ్-ఇన్-సెల్ అంటారు.
2. డెన్సిటీని సగటుతో భాగించి 1 తీసేస్తే డెల్టా వస్తుంది. సగటు డెల్టా సున్నా రావాలి, రాకపోతే ఇక్కడే ఆగండి.
3. డెల్టాని ఫొరియర్ చేసి మైనస్ కే-స్క్వేర్‌తో (కే అంటే అల సంఖ్య, అల పొట్టిదయ్యే కొద్దీ పెద్దదవుతుంది) భాగిస్తే పొటెన్షియల్. ముందు 1.5 ఇంటూ హబుల్ స్క్వేర్ ఇంటూ ఒమేగా మ్యాటర్ గుణకం ఉంటుంది.
4. పొటెన్షియల్ గ్రేడియెంట్ తీసి, మొదట పంచిన పద్ధతిలోనే పార్టికల్ దగ్గరకి తిరిగి తేవాలి.
5. లీప్‌ఫ్రాగ్: సగం కిక్, పూర్తి డ్రిఫ్ట్, మళ్ళీ బలం లెక్క కట్టి సగం కిక్.
6. బాక్స్ బయటికి పోయిన పార్టికల్‌ని లోపలికి చుట్టాలి.

మొమెంటమ్‌ని ఏ-స్క్వేర్ ఇంటూ కోమూవింగ్ వేగం అని పెట్టుకోండి, ఏ అంటే స్కేల్ ఫ్యాక్టర్, విశ్వం ఈ రోజుతో పోలిస్తే ఎంత సైజులో ఉందో చెప్పే అంకె. అలా పెట్టుకుంటే విస్తరణ వల్ల వేగం తగ్గే టర్మ్ విడిగా రాయక్కర్లేదు, అది అందులోనే కలిసిపోతుంది. మొమెంటమ్ మారే రేటు మైనస్ గ్రేడియెంట్ బై ఏ, పొజిషన్ మారే రేటు మొమెంటమ్ బై ఏ-స్క్వేర్. అంతే.

ఇక్కడ అందరూ పడే గుంత ఒకటుంది, దగ్గరగా చూపిస్తాను. మొదటి అడుగులో గ్రిడ్ అర్రేకి ఇండెక్స్‌ల లిస్టు ఇచ్చి ప్లస్-ఈక్వల్ కొడతారు. ఒకే గ్రిడ్ పాయింట్‌కి మూడు పార్టికల్స్ వస్తే నమ్‌పై మూడుసార్లు కలపదు, చివరిది ఒక్కటే కలుస్తుంది. ఎర్రర్ రాదు, కోడ్ హాయిగా నడుస్తుంది, గుంపులు ఉన్నచోట బరువు మాత్రం మాయమైపోతూ ఉంటుంది. మొదట్లో పార్టికల్స్ సమంగా పరుచుకుని ఉంటాయి కాబట్టి అంతగా పట్టుబడదు, గుంపులు కట్టే కొద్దీ తప్పు పెరుగుతుంది. ప్లస్-ఈక్వల్ బదులు యాడ్-డాట్-యాట్ వాడండి, లేదా వెయిట్స్ ఇచ్చి బిన్‌కౌంట్ వాడండి, అది ఇంకా స్పీడ్. ప్రతి స్టెప్‌లో గ్రిడ్ మొత్తం బరువు ప్రింట్ చేయండి, అది దశాంశం కూడా కదలకూడదు.

ఇంకో మూడు:

- కే సున్నా దగ్గర భాగహారం. ఆ ఒక్క మోడ్‌ని సున్నా చేసేయండి, లేకపోతే మొత్తం అర్రే నాన్ అయిపోతుంది.
- పంచడానికి ఒక పద్ధతి, బలం తేవడానికి ఇంకో పద్ధతి వాడితే పార్టికల్ తనని తానే తోసుకుంటుంది. రెండూ ఒకటే ఉండాలి.
- మొత్తం మొమెంటమ్ సున్నా దగ్గరే ఉండాలి. క్రమంగా ఒక దిక్కుకి పోతోందంటే గ్రేడియెంట్‌లో ఇండెక్స్ ఒకటి పక్కకి జరిగిందని అర్థం.

కోడ్ అయ్యాక జెల్డోవిచ్ ప్యాన్‌కేక్ టెస్ట్ పెట్టండి. ఒమేగా మ్యాటర్ 1 అనుకుని, ఒకే దిక్కులో ఒకే సైన్ అల. పార్టికల్స్ ఒకదాన్నొకటి దాటే క్షణం వరకూ ప్రతి పార్టికల్ ఎక్కడ ఉండాలో ఫార్ములా కచ్చితంగా చెబుతుంది: మొదటి స్థానం మైనస్ సైన్ విలువ ఇంటూ ఏ బై కూలే క్షణం నాటి ఏ, దాన్ని కే తో భాగించాలి. మీ కోడ్ పొజిషన్స్‌ని దాని మీద ప్లాట్ చేయండి. రెండు గీతలూ ఒకదాని మీద ఒకటి పడితేనే ముందుకెళ్ళండి.

## 5. గ్యాడ్జెట్-4 బిల్డ్ చేయడం

పార్టికల్-మెష్‌లో గ్రిడ్ గడి కన్నా చిన్నది ఏదీ కనిపించదు. హేలోల్ని లెక్కపెట్టాలంటే దగ్గరి దూరాల్లో ట్రీ పద్ధతి, దూరాల్లో మెష్ పద్ధతి కలిపిన కోడ్ కావాలి. ఈ ట్రీ-పీఎం మీద మన దేశంలో జస్‌జీత్ బాగ్లా 2002లో పేపర్ రాశారు, ఇంట్రెస్ట్ ఉన్నవాళ్ళు చదవండి, గ్రావిటీని రెండుగా ఎలా విడగొడతారో అందులో స్పష్టంగా ఉంటుంది. మనం వాడేది ఫోల్కర్ స్ప్రింగెల్ బృందం గ్యాడ్జెట్-4, ఉచితం, సోర్స్ కోడ్ మొత్తం చూడొచ్చు.

దాని ఎగ్జాంపుల్స్ ఫోల్డర్‌లో డార్క్ మ్యాటర్, 50 బాక్స్, 128 క్యూబ్ అని రెడీ ఉదాహరణ ఉంది. దాన్ని కాపీ చేసుకుని మార్చుకోండి, ఖాళీ ఫైల్‌తో మొదలెట్టకండి.

రెండు ఫైళ్ళు గుర్తుపెట్టుకోవాలి. కాన్ఫిగ్ ఫైల్‌లో మార్పు చేస్తే మళ్ళీ కంపైల్ చేయాలి. పారామీటర్ ఫైల్‌లో మారిస్తే అక్కర్లేదు. "విలువ మార్చాను కానీ ఏం మారలేదు" అనే కంప్లైంట్స్‌లో చాలావరకు ఇదే.

కాన్ఫిగ్‌లో చూడాల్సినవి:

- పీరియాడిక్, సెల్ఫ్-గ్రావిటీ ఆన్
- పీఎం గ్రిడ్ 256, అంటే పార్టికల్ గ్రిడ్‌కి రెట్టింపు
- ఎన్‌జెనిక్ (మొదటి పరిస్థితి తయారుచేసే భాగం) ఆన్, దాని గ్రిడ్ 128 కన్నా తక్కువ ఉండకూడదు
- క్రియేట్ గ్రిడ్, సెకండ్ ఆర్డర్ లగ్రాంజియన్ (పార్టికల్స్ మొదటి స్థానాల అంచనా ఫార్ములా) ఆన్
- ఎఫ్‌ఓఎఫ్ (ఫ్రెండ్స్-ఆఫ్-ఫ్రెండ్స్), సబ్‌ఫైండ్ ఆన్, రెండూ హేలోల్ని వెతికే భాగాలు

## 6. మొదటి పరిస్థితి, పారామీటర్లు

బిగ్ బ్యాంగ్ దగ్గర మొదలెట్టం. విశ్వం చిన్నతనంలో డెన్సిటీ తేడాలు ఎంత ఉన్నాయో కాస్మిక్ మైక్రోవేవ్ వెలుగులో కనిపిస్తుంది, టెంపరేచర్‌లో లక్షలో ఒక వంతు తేడా. ఆ తేడాలు పెరిగి, ఇంకా చిన్నవిగానే ఉన్న టైమ్‌లో మన రన్ మొదలవుతుంది. రెడ్‌షిఫ్ట్ (ఎంత వెనకటి కాలమో చెప్పే అంకె, 1ని స్కేల్ ఫ్యాక్టర్‌తో భాగించి 1 తీసేస్తే వచ్చేది) 63 బాగుంటుంది, స్కేల్ ఫ్యాక్టర్ 0.015625, బిగ్ బ్యాంగ్ తర్వాత సుమారు 3.4 కోట్ల ఏళ్ళు.

మరీ ఆలస్యంగా, రెడ్‌షిఫ్ట్ 10 దగ్గర మొదలెడితే అప్పటికే కొన్ని చోట్ల కూలిపోవడం మొదలై ఉంటుంది, అంచనా ఫార్ములా పనికిరాదు. మరీ ముందు మొదలెడితే తేడాలు ఎంత చిన్నవంటే కంప్యూటర్ రౌండింగ్ తప్పులే వాటిని మింగేస్తాయి.

పారామీటర్ ఫైల్‌లో పెట్టేవి, ప్లాంక్ 2018 ప్రకారం:

- ఒమేగా మ్యాటర్ 0.315, ఒమేగా లాంబ్డా (డార్క్ ఎనర్జీ వాటా) 0.685, రెండూ కలిపి 1
- హబుల్ పారామీటర్ 0.674
- సిగ్మా-ఎయిట్ 0.811, ప్రైమార్డియల్ ఇండెక్స్ 0.965
- పవర్ స్పెక్ట్రమ్‌కి (ఏ పొడవు అలల్లో ఎంత బలం ఉందో చెప్పేది) ఐజెన్‌స్టైన్-హు ఫార్ములా. తర్వాత క్లాస్ లేదా క్యాంబ్ అనే ప్రోగ్రామ్‌లతో టేబుల్ చేసి ఇవ్వొచ్చు
- సీడ్ నంబర్ (మొదటి తేడాల ర్యాండమ్ అమరికని నిర్ణయించే అంకె) ఏదైనా ఒకటి. నోట్‌బుక్‌లో రాసుకోండి

యూనిట్ల దగ్గర జాగ్రత్త. పొడవు యూనిట్ మెగాపార్సెక్ అయితే బాక్స్ 50, సాఫ్టెనింగ్ 0.013. కిలోపార్సెక్ అయితే 50000, 13. ఒకటి ఒక యూనిట్‌లో, ఇంకోటి ఇంకో యూనిట్‌లో రాస్తే కోడ్ ఏమీ అనదు, హేలోలు మాత్రం మెత్తగా చెరిగిపోయినట్టు వస్తాయి లేదా రన్ అసలు ముందుకి కదలదు. లాగ్ మొదట్లో కోడ్ హబుల్ విలువ తన యూనిట్లలో ప్రింట్ చేస్తుంది: మెగాపార్సెక్ అయితే 100, కిలోపార్సెక్ అయితే 0.1. అది చూసి సరిపోల్చుకోండి.

అవుట్‌పుట్ లిస్టులో స్కేల్ ఫ్యాక్టర్లు రాయాలి, రెడ్‌షిఫ్ట్‌లు కాదు. 0.02, 0.1, 0.1667, 0.25, 0.3333, 0.5, 0.6667, 1 పెట్టండి. మొదటి రెండూ ఎందుకో 8వ స్టెప్‌లో అర్థమవుతుంది.

## 7. రన్

ముందు 32 క్యూబ్‌తో కొట్టండి. నిమిషాల్లో అయిపోతుంది, ఫైళ్ళు సరిగ్గా రాస్తోందా, హేలో ఫైల్ వస్తోందా చూసుకోవచ్చు. తర్వాత 64, ఆ తర్వాత 128.

ఎంపీఐ ప్రాసెస్‌లు అసలు కోర్లు ఎన్నుంటే అన్నే ఇవ్వండి. నాలుగు కోర్లకి ఎనిమిది థ్రెడ్స్ చూపిస్తోంది కదా అని 8 ఇస్తే చాలాసార్లు స్పీడ్ పెరగదు, ర్యామ్ మాత్రం ఎక్కువ తింటుంది. మ్యాక్స్ మెమరీ సైజ్ ఒక్కో ప్రాసెస్‌కి అని గుర్తుంచుకోండి, నాలుగింటికి కలిపి 6 జీబీ దాటకుండా చూసుకోండి.

కరెంటు కోసం:

- రీస్టార్ట్ ఫైల్ విరామం సెకన్లలో ఉంటుంది, 1800 పెట్టండి. అరగంట పని కన్నా ఎక్కువ పోదు
- మళ్ళీ మొదలెట్టేటప్పుడు కమాండ్ చివర 1 ఇవ్వాలి. ఇవ్వకపోతే మొదటి నుంచి మొదలవుతుంది, పాత ఫైళ్ళ మీద రాసేస్తుంది
- గాలివాన వచ్చేలా ఉంటే అవుట్‌పుట్ ఫోల్డర్‌లో స్టాప్ అనే ఖాళీ ఫైల్ పెట్టండి, కోడ్ నడుస్తున్న స్టెప్ పూర్తి చేసి, రీస్టార్ట్ ఫైళ్ళు రాసుకుని మర్యాదగా ఆగుతుంది

రెడ్‌షిఫ్ట్ 2 దాటాక స్టెప్స్ నెమ్మదిస్తాయి. కంగారు పడకండి, గుంపులు కట్టిన చోట పార్టికల్స్ వేగంగా తిరుగుతాయి, వాటికి చిన్న చిన్న టైమ్ స్టెప్స్ కావాలి.

## 8. చెకింగ్

అసలు పని ఇక్కడుంది. బొమ్మ గీయకముందే ఈ నాలుగూ చేయాలి.

గ్రోత్ చెక్. విశ్వం మ్యాటర్‌తో నడిచే కాలంలో పెద్ద అలల ఎత్తు స్కేల్ ఫ్యాక్టర్‌తో సమానంగా పెరుగుతుంది. 0.02 నుంచి 0.1కి ఏ 5 రెట్లు, కాబట్టి పవర్ స్పెక్ట్రమ్ 25 రెట్లు పెరగాలి. రెండు స్నాప్‌షాట్ల పవర్ స్పెక్ట్రమ్ తీసి, అతి చిన్న కే విలువల దగ్గర భాగించి చూడండి. అదే రన్‌ని అదే రన్‌తో పోలుస్తున్నాం కాబట్టి సీడ్ వల్ల వచ్చే ఎగుడుదిగుడు కొట్టుకుపోతుంది, 25కి బాగా దగ్గరగా రావాలి. 20 లేదా 30 వస్తే హబుల్ యూనిట్ గానీ, మొదటి వేగాలు గానీ తప్పు.

ఇదే చెక్ ఈ రోజు విశ్వం దగ్గర, అంటే ఏ 1 దగ్గర చేయొద్దు. 50 బాక్స్‌లో పట్టే అతి పెద్ద అల కూడా అప్పటికి లీనియర్ హద్దు దాటడం మొదలెడుతుంది, ఫార్ములాతో కలవకపోతే తప్పు మీదో విశ్వానిదో తేలదు.

రెజల్యూషన్ చెక్. అదే సీడ్‌తో 64, 128 రెండూ నడపండి. ఎన్‌జెనిక్ పెద్ద అలల్ని రెండింట్లోనూ ఒకేలా ఉంచుతుంది, కాబట్టి పెద్ద తీగలు, ముళ్ళు ఒకే చోట కనిపించాలి. రెండు పవర్ స్పెక్ట్రమ్‌లూ ఏ కే దాకా కలిసి ఉన్నాయో అక్కడి దాకానే 64 రన్‌ని నమ్మాలి. 128 రన్‌లో నైక్విస్ట్ కే (ఆ పార్టికల్ గ్రిడ్ చూపగలిగే అతి పొట్టి అల) సుమారు 8, దాని సగం దాటాక వచ్చే వంపుల గురించి కథలు చెప్పొద్దు.

సీడ్ చెక్. సీడ్ మార్చి ఇంకో మూడు నాలుగు రన్‌లు. ఒక్క రన్‌లో క్లస్టర్లు ఎక్కువొచ్చాయంటే అది ఫిజిక్స్ కాకపోవచ్చు, ఆ సీడ్ అదృష్టం కావచ్చు. మీ రిజల్ట్‌లో ఎర్రర్ బార్ ఇక్కడి నుంచే వస్తుంది. ప్రాజెక్ట్ రిపోర్టుల్లో ఎక్కువగా లేనిది ఇదే, వైవాలో మొదట అడిగేది కూడా ఇదే.

టైమ్ స్టెప్, సాఫ్టెనింగ్ చెక్. రెండింటినీ విడివిడిగా సగం చేసి 64 క్యూబ్‌తో మళ్ళీ నడపండి. హేలోల సంఖ్య కదలకూడదు.

## 9. హేలోలు లెక్కపెట్టడం

ఫ్రెండ్స్-ఆఫ్-ఫ్రెండ్స్ పద్ధతిలో, సగటు దూరంలో 0.2 వంతు లోపల ఉన్న పార్టికల్స్‌ని ఒకదానికొకటి కలుపుకుంటూ పోతుంది. మన రన్‌లో ఆ దూరం 0.078 మెగాపార్సెక్ బై హెచ్. కోడ్ 32 పార్టికల్స్ గుంపుని కూడా హేలో అని ఫైల్‌లో రాస్తుంది. వాటిని తీసేయండి. బరువుల లెక్కకి 100 పైన ఉన్నవే వాడండి.

తర్వాత బరువు వారీగా ఎన్ని ఉన్నాయో గ్రాఫ్ గీసి, ఏ బరువు హేలోలు ఎన్ని ఉండాలో చెప్పే షెత్-టోర్మెన్ లేదా టింకర్ ఫార్ములాతో పోల్చండి. ఈ రెండు ఫార్ములాల్లో హేలో బరువుకి నిర్వచనం ఒకటి కాదు, టింకర్‌తో పోల్చాలంటే ఫైల్‌లో ఎఫ్‌ఓఎఫ్ బరువు కాకుండా గోళం గీసి తీసిన బరువు వాడాలి. మధ్య బరువుల దగ్గర కలవాలి. తక్కువ బరువుల దగ్గర మీది కిందికి పడితే రెజల్యూషన్ సరిపోలేదు, ఎక్కువ బరువుల దగ్గర ఎగుడుదిగుడుగా ఉంటే బాక్స్ చిన్నది.

## 10. బొమ్మ

21 లక్షల చుక్కలూ స్కాటర్ ప్లాట్ వేస్తే నల్లటి మరక వస్తుంది. 10 మెగాపార్సెక్ మందం ముక్క కోసి, క్లౌడ్-ఇన్-సెల్‌తో గ్రిడ్ మీద పంచి, లాగ్ తీసి చూపించండి. అన్ని కాలాల బొమ్మలకీ ఒకే కలర్ స్కేల్ పెట్టాలి, లేకపోతే పెరుగుదల కనిపించదు, మొదటి బొమ్మ కూడా చివరి దానంత కాంట్రాస్ట్‌తో వస్తుంది. ప్రతి బొమ్మ కింద రెడ్‌షిఫ్ట్‌తో పాటు వయసు రాయండి, ఇంట్లో వాళ్ళకి చూపించినా అర్థమవుతుంది: రెడ్‌షిఫ్ట్ 9 అంటే సుమారు 55 కోట్ల ఏళ్ళ విశ్వం, 1 అంటే సుమారు 590 కోట్లు, 0 అంటే 1380 కోట్లు.

## 11. ఇలా అయితే ఇది చూడండి

- మొదటి స్టెప్‌లోనే ఆగిపోతోంది: మెమరీ సైజ్, లేదా ఎన్‌జెనిక్ గ్రిడ్ పార్టికల్ గ్రిడ్ కన్నా చిన్నది
- కంపైల్‌లో లైబ్రరీ దొరకలేదంటోంది: ప్యాకేజీ ఉన్నా దాని డెవలప్‌మెంట్ వెర్షన్ లేదు, అది విడిగా దించాలి
- చివరికి కూడా పార్టికల్స్ గళ్ళగళ్ళుగానే ఉన్నాయి: శూన్య ప్రాంతాల్లో అలా ఉండటం మామూలే, మొదటి గ్రిడ్ ఆనవాళ్ళు అవి. అన్నిచోట్లా ఉంటే సిగ్మా-ఎయిట్ లేదా మొదలెట్టిన టైమ్ తప్పు
- వేగాలు తేడాగా ఉన్నాయి: గ్యాడ్జెట్ స్నాప్‌షాట్‌లో రాసే వేగాన్ని స్కేల్ ఫ్యాక్టర్ వర్గమూలంతో గుణిస్తేనే అసలు వేగం. రెడ్‌షిఫ్ట్ 0 దగ్గర ఆ గుణకం 1 కాబట్టి తప్పు బయటపడదు, వెనక్కి వెళ్ళే కొద్దీ పెరుగుతుంది
- బరువులు దాదాపు ఒకటిన్నర రెట్లు తేడా: ఎక్కడో హెచ్ తో భాగించడం మర్చిపోయారు, 0.674 తిరగేస్తే 1.48
- హేలోలు గోడ దగ్గర సగానికి తెగాయి: మీ ప్లాటింగ్ కోడ్‌లో పీరియాడిక్ చుట్టడం లేదు, హేలో సెంటర్ నుంచి దూరం సగం బాక్స్ దాటితే ఒక బాక్స్ తీసేయండి

## 12. తర్వాత ఎటు

ఈ నాలుగు చెక్‌లూ పాసైన రన్ చేతిలో ఉంటే ఒక్క పారామీటర్ మార్చి రెండో రన్ చేయండి, సీడ్ మాత్రం అదే ఉంచాలి. సిగ్మా-ఎయిట్ 0.75 పెట్టి, మిగతావన్నీ కదపకుండా. రెండు రన్‌ల హేలో సంఖ్యని భాగించి గీసిన గ్రాఫ్, ఒక్క రన్ బొమ్మ కన్నా ఎక్కువ నేర్పుతుంది: చిన్న హేలోల దగ్గర తేడా తక్కువ, పెద్ద వాటి దగ్గరకి పోయే కొద్దీ తేడా బాగా పెరుగుతుంది. క్లస్టర్లు లెక్కపెట్టి విశ్వం పారామీటర్లు కొలిచేవాళ్ళు వాడేది ఇదే గుణం.

256 క్యూబ్‌కి 8 జీబీ ర్యామ్ ఇరుకు, 16 ఉంటే నిశ్చింత. ఇద్దరు ముగ్గురు కలిసి చేసేటట్టయితే ఒక్కొక్కరూ ఒక్కో సీడ్ పంచుకోండి, పారామీటర్ ఫైల్ మాత్రం ఒకళ్ళ దగ్గర్నుంచే కాపీ చేసుకోండి. స్నాప్‌షాట్లు పెన్‌డ్రైవ్‌లో ఇచ్చిపుచ్చుకోవచ్చు, వాటితో పాటు కాన్ఫిగ్ ఫైల్, పారామీటర్ ఫైల్, సీడ్ నంబర్, లాగ్ కూడా అదే ఫోల్డర్‌లో పెట్టి ఇవ్వండి. అవి లేని స్నాప్‌షాట్ ఎవరైనా ఇస్తే తీసుకోవద్దు, అది ఏ విశ్వమో తెలుసుకునే దారి ఉండదు.